కరాగిన్‌స్కీ ద్వీపం: అవతలి ఒడ్డు నుంచి విన్న మాటలు

మొదటి రోజు: కరాగా నది ముఖద్వారం

రష్యా తూర్పు కొసన ఉన్న కమ్చట్కా ద్వీపకల్పపు తూర్పు తీరాన కరాగా నది బేరింగ్ సముద్రంలో కలుస్తుంది. ఆకాశం తేటగా ఉన్న రోజున అక్కడి నుంచి చూస్తే సముద్రం అవతల కొండల వరుస ఒకటి లేస్తుంది. అదే కరాగిన్‌స్కీ ద్వీపం. పొడవు దాదాపు 100 కిలోమీటర్లు, ఎత్తైన శిఖరం 900 మీటర్ల పైన. ఇప్పుడు అక్కడ ఎవరూ స్థిరంగా కాపురం ఉండటం లేదు. 1994 నుంచి అది రామ్‌సర్ అనే అంతర్జాతీయ జాబితాలో ఉన్న చిత్తడి నేల, పక్షుల ద్వీపం. కానీ 280 ఏళ్ల కిందట అక్కడ కొర్యాకులు ఉండేవారు. వాళ్ల గురించి ప్రపంచానికి తెలిసినదంతా కొద్దిమంది ప్రయాణికులు రాసిన కొద్ది పేజీలే.

ఈ ఎనిమిది రోజులు ఏ ఒక్కరి డైరీ కావు. 1737 నుంచి 1741 దాకా కమ్చట్కాలో తిరిగిన స్తెపాన్ క్రషెనిన్నికోవ్, 1828లో ఓడలో వచ్చిన రష్యన్ నావికుడు ఫ్యోదర్ లిట్కె, 1900-01లో పశ్చిమాన పెన్‌జినా అఖాతం కొర్యాకుల మధ్య చలికాలం గడిపిన వ్లదీమిర్ యోహెల్సన్ రాసినవాటిని, ఎండాకాలంలో తీరం నుంచి ద్వీపానికి వెళ్లే దారి వరుసలో పేర్చాం. ఎవరు కళ్లారా చూశారు, ఎవరు విని రాశారు అన్నది ఎక్కడికక్కడ చెబుతాం. ఆ రెండూ కలిసిపోవడం వల్లనే ఈ ద్వీపం మీద తప్పుడు మాటలు పుట్టాయి.

ముందు పేర్ల సంగతి. బయటివాళ్లు అందరినీ కలిపి కొర్యాకులు అన్నారు. వాళ్లలో వాళ్లకు మాత్రం రెండు పేర్లున్నాయి. సముద్రపు ఒడ్డున ఊరు కట్టుకుని, చేపలూ సీలులూ పట్టి బతికేవాళ్లు నిమిలాన్‌లు, అంటే ఊరివాళ్లు. రెయిన్‌డీర్ మందలతో టుండ్రాలో, అంటే చెట్లు పెరగని చలి మైదానాల్లో, తిరిగేవాళ్లు చవ్‌చువెన్‌లు. ఒకరి దగ్గర సీలు నూనె, తోలు, పడవతాళ్లు. మరొకరి దగ్గర మాంసం, బొచ్చుతోళ్లు. ఈ మారకం లేకపోతే ఇద్దరికీ చలికాలం గడవదు. కరాగా తీరం, దాని ఎదుటి ద్వీపం నిమిలాన్‌ల చోట్లు.

క్రషెనిన్నికోవ్ కరాగా దాకా వచ్చింది 1739-40 చలికాలంలో, కుక్కల బండి మీద. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు కూడా లేవు. రష్యా ప్రభుత్వం నడిపిన బేరింగ్ రెండో అన్వేషణ యాత్ర తరఫున పంపిన విద్యార్థి. ద్వీపానికి జనం ఎండాకాలంలోనే తోలు పడవల మీద వెళ్తారని, చలికాలంలో వెళ్లరని అతనే రాశాడు. అంటే ద్వీపం గురించి అతని పుస్తకంలో ఉన్నది ఈ ఒడ్డున విన్నదే.

ఏం విన్నాడు? ద్వీపంవాళ్లను తక్కిన కొర్యాకులు తమవాళ్లుగా ఒప్పుకోరట. కుక్కల సంతానం అని పిలుస్తారట. సృష్టికర్త కుత్ఖు ఆ ద్వీపంలో మొదట కుక్కల్నే పుట్టించాడని, ఆ కుక్కలే తర్వాత మనుషులయ్యాయని కథ. ఈ మాటను తర్వాతివాళ్లు ద్వీపంవాళ్ల లక్షణంగా తీసుకున్నారు. నిజానికి ఇది ఒక ఊరు పక్క ఊరిని ఏమనుకుంటుందో చెప్పే మాట. చెప్పినవాళ్లు ఈ ఒడ్డువాళ్లు, రాసినవాడు ఈ ఒడ్డున ఉన్నాడు. ద్వీపంవాళ్లు తమ గురించి తాము ఏం చెప్పుకునేవారో ఆ పుస్తకంలో లేదు. మిగతా ఏడు రోజులూ ఇది గుర్తుంచుకోవాలి.

రెండో రోజు: పడవ కోసం ఆగిన రోజు

దాటడానికి రెండు ఆటంకాలు: గాలి, తడి తోలు. అందుకని ఈ తీరంలో ఏ ప్రయాణమైనా ఒకటి రెండు రోజులు పడవ పక్కన కూర్చోవడంతోనే మొదలవుతుంది.

రష్యన్లు బైదారా అని పిలిచిన పెద్ద పడవను యోహెల్సన్ పెన్‌జినా అఖాతం ఊళ్లలో కొలిచి రాశాడు. దాదాపు 9 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు. చట్రం కర్రది. ఇందులో మేకు అన్నది ఉండదు. ప్రతి అతుకూ సీలు తోలు వారుతో బిగించినదే. పైన కప్పేది గడ్డపు సీలు తోలు. ఆ సీలు పెద్దది, దాని చర్మం మందం, అందుకే పడవకూ చెప్పుల అడుగుకూ అదే. వెంట్రుకలు గీకేసిన తోళ్లను నరపు దారంతో కలిపి కుట్టి, తడిగా ఉండగానే చట్రం మీద లాగి, అంచు చుట్టూ వారుతో బిగిస్తారు. ఆరినప్పుడు తోలు ముడుచుకుని డప్పులా బిగుస్తుంది. ముందు భాగంలో పంగల కర్ర ఒకటి నిలబడి ఉంటుంది. హార్పూన్‌ను, అంటే తాడు కట్టిన వేట ఈటెను, ఆనించేది దాని మీదే.

మేకులు లేకపోవడమే ఈ పడవ బలం. ఒడ్డున విరిగే అలలో చట్రం కొద్దిగా వంగుతుంది, మెలి తిరుగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. అదే అలలో బిగుసుగా కొట్టిన పలక పడవకు అతుకు విడుతుంది. ఖాళీ పడవను నలుగురైదుగురు ఎత్తి గట్టు మీద పెట్టగలరు. రేవు లేని తీరంలో అంతకంటే కావలసింది లేదు.

చెడేది తోలు. రోజుల తరబడి నీళ్లలో నానితే మెత్తబడి సాగుతుంది, కుట్టు రంధ్రాలు పెద్దవవుతాయి, నీరు ఊరుతుంది. అందుకని ఒడ్డు చేరిన ప్రతిసారీ పడవను పైకి లాగి, పక్కకు ఒరిగించి ఆరబెడతారు. కుట్లకు సీలు కొవ్వు పట్టిస్తారు. ఎక్కువ ఎండలో ఎక్కువసేపు ఉంచినా ముప్పే: తోలు పెళుసుబారి మడతల దగ్గర పగులుతుంది. అడుగున గులకరాయి గీసుకుంటే అక్కడికక్కడే చిన్న తోలు ముక్క వేసి కుట్టాలి. సూది, నరపు దారం, కొవ్వు ముద్ద లేకుండా ఎవరూ నీళ్ల మీదికి వెళ్లరు.

తెరచాప విషయంలో యోహెల్సన్ చూసినది విచిత్రంగా ఉంటుంది, కానీ ఆలోచిస్తే అర్థమవుతుంది. రెయిన్‌డీర్ తోళ్లు కలిపి కుట్టిన చదరపు చాప. దాన్ని ఎత్తేది ఒక స్తంభం మీద కాదు, మూడు వాసాలను పైన కలిపి కట్టిన ముక్కాలి మీద. ఒంటి స్తంభానికి అడుగున బలమైన దూలం కావాలి. తోలు పడవకు అలాంటి అడుగు లేదు. ముక్కాలి ఆ బరువును పడవ మీద మూడు చోట్లకు పంచుతుంది. చుక్కాని బదులు వెనక కూర్చున్నవాడి చేతిలో తెడ్డు.

చిన్న కయాక్ వేరు. ఒక్క మనిషికే సరిపోయే గుంత, మూడు మీటర్లలోపు పొడవు. దాని గుంత అంచుకు రెండు పొట్టి చేతి తెడ్లు దారంతో కట్టి ఉంటాయి. సీలు దగ్గరికి చప్పుడు లేకుండా జరగడానికి అవి. హార్పూన్ విసరాల్సిన క్షణంలో చేతుల్లోంచి వదిలేసినా కొట్టుకుపోవు.

మూడో రోజు: జలసంధి

మధ్యలో ఉన్న సముద్రానికి ఇప్పుడు లిట్కె జలసంధి అని పేరు. ఇరుకైన చోట 20 కిలోమీటర్ల పైచిలుకు, మిగతా చోట్ల అంతకు రెండు మూడింతలు. తెడ్ల మీద దాటాలంటే తెల్లవారుజామున గాలి లేవకముందే బయలుదేరాలి. మధ్యాహ్నానికి గాలి పోటుకు ఎదురు తిరిగితే అల పొట్టిదై నిలువుగా లేస్తుంది. ఎండాకాలంలో గాలి పడిపోయిన రోజున ఇంకో ముప్పు పొగమంచు. గట్టు కనపడనప్పుడు అలల చప్పుడును, కొండ అంచుల్లో గూళ్లు కట్టుకున్న సముద్రపక్షుల అరుపును బట్టి ఒడ్డు ఎటో తేల్చుకోవాలి.

లిట్కె సెన్యావిన్ అనే ఓడలో 1826లో బయలుదేరి 1829లో తిరిగి వెళ్లాడు. 1828 ఎండాకాలంలో ఈ తీరాన్నీ ద్వీపాన్నీ కొలిచి పటం గీశాడు. ఓడలో మెర్టెన్స్, పోస్టెల్స్, కిట్లిట్స్ అనే ముగ్గురు ప్రకృతి పరిశీలకులున్నారు: మొక్కలు, రాళ్లు, పక్షులు ముగ్గురి మధ్య పంచుకున్న పనులు.

ద్వీపం పశ్చిమ ఒడ్డున ఒక అఖాతం ఉంది. దాని పేరు రష్యన్‌లో లోజ్నిఖ్ వెస్తెయ్, అంటే తప్పుడు కబుర్ల అఖాతం. అక్కడ ఓడ నిలవడానికి చక్కని రేవు ఉందని ఈ ఒడ్డున చెప్పారు. తీరా వెళ్లి లోతు కొలిస్తే ఆ మాట నిలవలేదు. లిట్కె ఆ పేరే పెట్టాడు.

చెప్పినవాళ్లు అబద్ధం ఆడారనుకోనక్కర్లేదు. తోలు పడవకు మోకాలి లోతు నీరు చాలు. గాలి మరుగు ఉండి, మెత్తటి ఇసుక ఉంటే వాళ్ల లెక్కలో అదే గొప్ప రేవు. అడుగున మీటర్ల కొద్దీ నీరు కావలసిన ఓడకు అదే చోటు ఉచ్చు. ప్రశ్న ఒకటి, జవాబు ఇంకొకదానికి. ఈ ద్వీపం గురించి రాసిన చాలా సంగతులు ఇలాగే తేడా పడ్డాయి.

నాలుగో రోజు: నేలలోని ఇల్లు

పాత ప్రయాణికులు ఎక్కువ కాగితం ఖర్చు పెట్టింది ఇంటి మీద. కారణం సులువుగానే తెలుస్తుంది: లోపలికి దిగడమే వాళ్లకు కష్టమైంది.

ఊరి చోటు ఎంచుకోవడంలో మూడు చూస్తారు: చేపలు ఎక్కే వాగు దగ్గర ఉండాలి, సీలులు కనపడే గట్టు ఉండాలి, అలలు కొట్టుకొచ్చే దుంగలు దొరకాలి. ద్వీపంలో పెద్ద అడవి లేదు. నేలబారుగా పాకే పైన్ పొదలు, ఆల్డర్ పొదలు, ఆ తర్వాత టుండ్రా. పొదల కొమ్మ పొయ్యిలోకి పనికొస్తుంది కానీ ఇంటికి గుంజ కాలేదు. ఇంటికి కలప అంటే సముద్రం తెచ్చి పడేసినదే.

క్రషెనిన్నికోవ్ కమ్చట్కాలోనే దక్షిణాన ఉండే ఇటెల్మెన్‌ల ఇళ్లను కొలతలతో వివరించి, స్థిరవాసం కొర్యాకుల ఇళ్లూ అలాంటివే అన్నాడు. గుంత లోతు రెండు అర్షిన్‌లు, అంటే మన లెక్కలో 1.4 మీటర్లు. గోడల వెంట గుంజలు పాతి, మధ్యలో నాలుగు స్తంభాలు నిలిపి, వాటి మీద దూలాలు, వాసాలు వేస్తారు. వాసాల మీద గడ్డి, గడ్డి మీద మట్టి. బయటి నుంచి చూస్తే చిన్న దిబ్బ. నడినెత్తిన చదరపు కంత. అదే కిటికీ, అదే పొగగూడు, అదే తలుపు.

లోపలికి దిగే నిచ్చెన పొయ్యి పక్కనే ఉంటుంది. మెట్లు ఎంత సన్నమంటే కాలి వేళ్లు మాత్రమే ఆనతాయి. యోహెల్సన్ చూసిన ఊళ్లలో అది ఒకే దుంగ. దానికి పాదం ముందు భాగం దూరేంత రంధ్రాలు తొలిచి ఉంటాయి. నిచ్చెన జిడ్డుగా ఉంటుంది, పొగ కళ్లలోకి నేరుగా వస్తుంది. కొత్తవాళ్లు చేసే పొరపాటు మధ్యలో ఆగడం. పొగ అన్నిటికంటే చిక్కగా ఉండేది కంత కిందే కాబట్టి, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున దిగిపోవాలి. నేల దగ్గరికి వచ్చాక గాలి తేట. ఇంటి ఆడవాళ్లు పిల్లల్ని వీపున వేసుకుని ఆ పొగలోంచే ఎక్కీ దిగీ చేసేవారని క్రషెనిన్నికోవ్ రాశాడు. పక్క నుంచి ఒక సొరంగం కూడా ఉంటుంది. గాలి దాని గుండా లోపలికి వచ్చి పొయ్యిని తాకి, పొగను పైకి నెడుతుంది. ఆ సొరంగం మూసేస్తే పొగ కిందికి దిగుతుంది. మొత్తం ఏర్పాటు దాని మీదే నడుస్తుంది.

రోజుకు రెండుసార్లు, ఉదయం, సాయంత్రం, పొయ్యి రాజేస్తారు. కట్టె కాలిపోయాక కంత మూసేస్తే వేడి నిలుస్తుంది. ఇక్కడే ప్రమాదం ఉంది. సగం కాలిన కొరివి ఒక్కటి మిగిలి ఉండగా కంత మూస్తే విషపు పొగ లోపలే ఉండిపోతుంది. తల పగిలిపోయేంత నొప్పి, స్పృహ తప్పడం, చావు కూడా. అందుకే మూసే ముందు ప్రతి కొరివినీ బయట పారేయాలి. దానికి రెండు కర్రల పట్టకారు వాడతారు. కింద నుంచి, నిచ్చెన ఎక్కకుండా, కంతలోంచి బయట పడేలా విసరాలి. పెద్ద కొరివిని ఒక్క విసురుకు బయటికి పంపగలవాడిని నేర్పరిగా చూసేవారట. పక్కా పనితనం అది: గురి తప్పితే నిప్పు పడుకున్నవాళ్ల మీద పడుతుంది.

పెన్‌జినా వైపు ఇళ్లలో ఇంకో భాగం ఉంటుంది. కంత చుట్టూ పలకలను పైకి విచ్చుకునేలా నిలబెట్టి, గరాటు లాంటి కప్పు కడతారు. గాలికి కొట్టుకొచ్చే మంచు దాని అంచున తిరిగి పక్కకు పడుతుంది, కంత పూడదు. చేపలు ఆరబెట్టడానికీ, కుక్కలకు అందకుండా వస్తువులు దాచడానికీ కూడా పనికొస్తుంది. 1865లో టెలిగ్రాఫ్ తీగ దారి వెతకడానికి వచ్చిన అమెరికన్ జార్జ్ కెనన్ ఈ ఇళ్లను ఇసుక గడియారంతో పోల్చాడు. పోలిక సరిగ్గా ఉంది. కానీ అతను ఒడ్డున ఉండే కొర్యాకుల గురించి చాలా చెడ్డగా రాశాడు, రెయిన్‌డీర్ కొర్యాకుల్ని మాత్రం మెచ్చుకున్నాడు. ఒడ్డువాళ్లను పాడు చేసింది వ్యాపారుల సారా, తిమింగలాల వేటకు వచ్చే ఓడలవాళ్లు అని తనే ఒప్పుకున్నాడు.

లోపల మసి, జిడ్డు, పులిసిన చేప వాసన, సీలు నూనె దీపపు మసక వెలుతురు. యోహెల్సన్ ఇవి దాచకుండా రాశాడు, పొగకు కళ్లు మండి పని చేయడం ఎంత కష్టమైందో కూడా. తేడా ఏమిటంటే అతను వెళ్లిపోలేదు. చలికాలం ఆ ఇళ్లలోనే భార్య దీనాతో కలిసి పని చేశాడు. ఆమె వైద్యం చదివిన మనిషి. శరీర కొలతలూ ఫోటోలూ ఎక్కువగా ఆమె పనే. ఆ ఓపిక వల్లనే నిచ్చెనకు రంధ్రాలెన్ని, దీపపు వత్తి దేనితో అన్నది ఇవాళ మనకు తెలుసు.

ఐదో రోజు: చేప

మే నెలలో తీరానికి హెర్రింగ్ వస్తుంది, ఆ తర్వాత సాల్మన్ జాతులు వరుస కడతాయి. ఈ తీరంలో గులాబీ సాల్మన్ బేసి సంవత్సరాల్లో వరదలా వస్తుంది, సరి సంవత్సరాల్లో పలచబడుతుంది. అది రెండేళ్లకే పెరిగి, గుడ్లు పెట్టి, చచ్చిపోయే చేప. అందుకే రెండు వరుసలూ ఒకదానితో ఒకటి కలవవు. ఒకే ఎండాకాలం చూసి వెళ్లిపోయిన ప్రయాణికుడు ఇక్కడి జనం తెగ తింటారనో, ఆకలితో ఉంటారనో రాస్తే, అతను వచ్చిన సంవత్సరం ఏదో ముందు చూసుకోవాలి.

చలికాలపు తిండి యుకోలా, అంటే ఎండు సాల్మన్. ఉప్పు లేదు. క్రషెనిన్నికోవ్ ఇటెల్మెన్‌ల దగ్గర చూసి రాసిన పద్ధతిలో ఒక్క చేపను ఆరు భాగాలు చేస్తారు. రెండు పక్కల కండను తోకతో కలిపి విడదీసి దండెం మీద వేస్తే అది యుకోలా. వీపు, పొట్ట భాగాలు కొవ్వు ఎక్కువ కాబట్టి వేరుగా తీసి పొగ పెడతారు. తలలు గుంతలో వేసి మెత్తని ఎముక కరిగేదాకా పులియబెడతారు. కండ తీశాక మిగిలిన ఎముకల గూడును కట్టలు కట్టి ఆరబెడతారు. అందులో ముదురు ఎముకలు కుక్కలకు. గుడ్లను వేరుగా ఎండబెడతారు. దారికి వెళ్లేవాళ్ల సంచిలో ముందు పడేది అదే.

వినడానికి సులువు. చేతిలో మాత్రం ఇలా ఉంటుంది. కండను తోక దగ్గర విడిపోకుండా కోయాలి, లేకపోతే దండెం మీద నిలవదు. మందంగా ఉన్న చోట కండలోకి, చర్మం తెగకుండా, అడ్డంగా గాట్లు పెట్టాలి. పెట్టకపోతే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, పది రోజుల తర్వాత అక్కడే కుళ్లు మొదలవుతుంది. దండెం ఎత్తుగా, గాలి తగిలేలా, పైన కప్పుతో ఉండాలి. నేరు ఎండ మంచిది కాదు. కొవ్వు కరిగి కారి, కండ పసుపురంగుకు తిరిగి చేదెక్కుతుంది. కావలసింది గాలి.

అన్నిటికంటే పెద్ద శత్రువు జల్లు. ఈ తీరంలో జూలై, ఆగస్టుల్లో పొగమంచూ సన్నని వానా వారాల తరబడి ఉంటాయి. తడి చేప మీద ఈగ గుడ్లు పెడితే రెండు రోజుల్లో పురుగు. అలాంటప్పుడు దండెం కింద పొగ వేస్తారు, లేకపోతే ఆ దండెం మొత్తం కుక్కల వాటాకు పోతుంది. ఒక తడి ఆగస్టు అంటే ఒక ఆకలి మార్చి.

పులిసిన తలల గురించి యూరోపియన్లు ముక్కు మూసుకుని రాశారు. గడ్డి పరిచిన మట్టి గుంత ఊపిరి పీలుస్తుంది, చల్లగా ఉంటుంది. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాల్లో, వెచ్చని చోట అదే పని చేయబోయి బొటులిజం అనే ప్రాణాంతక విషాహార జబ్బు బారిన పడినవాళ్లు అలాస్కాలో ఉన్నారు. ఆ విషానికి వాసన ఉండదు. గుంత, గడ్డి, చల్లదనం ఈ మూడూ పద్ధతిలో భాగాలు. ఒకటి మార్చితే తిండి విషం కావచ్చు.

ఆరో రోజు: ఆడవాళ్ల చేతిపని

పాత రాతల్లో వేటకు ఇచ్చిన చోటు దుంపలకు ఇవ్వలేదు. కడుపు నింపడంలో దుంపల వాటా తక్కువేమీ కాదు. నల్లటి పూలు పూసే సరానా అనే లిల్లీ గడ్డను తవ్వి తీస్తే, అది బియ్యపు గింజల ముద్దలా విడిపోతుంది. దాన్ని ఉడికించి, బెర్రీలు, చేప గుడ్లు, సీలు కొవ్వు కలిపి రోకలితో దంచితే తొల్కుషా. దంచడం ఎంతసేపంటే, ముద్ద తెల్లబడి నురగలా తేలికయ్యేదాకా. కొవ్వు ఎక్కువైతే జారిపోతుంది, తక్కువైతే బరకగా ఉండి గొంతు దిగదు.

దుంపలు తవ్వేవాళ్లకు టుండ్రా ఎలుకలు సాయం. అవి శీతకాలానికి బొరియల్లో గడ్డలు శుభ్రం చేసి, రకాల వారీగా పేర్చి పెట్టుకుంటాయి. శరదృతువులో ఆడవాళ్లు కర్రతో నేల తట్టి, బోలుగా మోగిన చోట తవ్వి ఆ నిల్వ తీసుకుంటారు. మొత్తం తీసుకోరు. ఇటెల్మెన్ ఆడవాళ్లు అయితే తీసుకున్నదానికి బదులుగా పైన్ గింజలో, గుడ్డ పీలికో ఆ బొరియలో పెట్టేవారని 18వ శతాబ్దపు రాతల్లో ఉంది. ఎలుక చలికి చావకుండా ఉంటేనే వచ్చే ఏడు మళ్లీ నిల్వ చేస్తుంది.

వల నేసే నార క్రపీవా మొక్కది, ఒంటికి తగిలితే దద్దుర్లు లేపే మొక్క. ఆగస్టు, సెప్టెంబరులో కోసి, కట్టలు కట్టి నీడన ఆరబెడతారు. చలికాలంలో కాడను పళ్లతో చీల్చి, బెరడు ఊడదీసి, కొట్టి, అరచేతుల మధ్య పురి పెట్టి కదురుకు చుడతారు. ఆ వలలు ఒక్క ఎండాకాలానికి మించి నిలవవని క్రషెనిన్నికోవ్ గమనించి కారణం కూడా చెప్పాడు: కాడను నానబెట్టరు, నూలును ఉడకబెట్టరు. నానబెట్టి కుళ్లబెడితే నార నుంచి జిగురు విడిపోతుంది. జిగురు మిగిలితే నీళ్లలో అదే మొదట కుళ్లుతుంది. కాబట్టి ప్రతి చలికాలమూ కొత్త వల. ఒక ఇంటికి కావలసిన నూలు వడకడానికే ఆ చీకటి నెలల సాయంత్రాలన్నీ పోతాయి.

ఏడో రోజు: ముప్పై మంది, వంద మంది

క్రషెనిన్నికోవ్ ద్వీపం గురించి రాసిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఒక లెక్క. ద్వీపంలో జనం వంద మంది, అంతకు పైగానే. యాసాక్ అనే బొచ్చుతోళ్ల పన్ను కట్టేది 30 మంది. వసూలుకు వచ్చినప్పుడు మిగతావాళ్లు కొండల్లో దాక్కుంటారు.

ద్వీపం నడుమ కొండలు పొడవునా ఉన్నాయి. గట్టు మీది నుంచి జలసంధిలో వచ్చే పడవ చాలా ముందే కనపడుతుంది. వసూలువాళ్లు ఎండాకాలంలోనే రాగలరు. ఎండాకాలంలో కొండల్లో ఉండటం కష్టం కాదు. మంచు మీద అడుగుజాడ ఉండదు, బెర్రీలుంటాయి, వాగులో చేప ఉంటుంది. కమ్చట్కాలో పన్ను కట్టనివాళ్ల బంధువుల్ని కొసక్కులు, అంటే పన్ను వసూలు చేసే రష్యా సిపాయిలు, తాకట్టుగా పట్టుకుపోయేవారని గుర్తుంచుకుంటే, ఆ దాక్కోవడం ఎంత ఆలోచించి చేసినదో తెలుస్తుంది.

కుక్కల సంతానం అన్న మాట పక్కన ఈ లెక్కను పెట్టి చదవాలి. మొదటిది విన్న కథ. రెండోది, పన్ను పుస్తకంలో పేరు ఎక్కకుండా ఉండటానికి సగానికి పైగా జనం కలిసికట్టుగా చేసిన పని. ఒకరినొకరు పట్టివ్వకుండా ఏళ్ల తరబడి అలా నిలబడిన జనాన్ని మోటువాళ్లని రాయడం అన్యాయం. ఆ తర్వాత 1768-69లో మశూచి కమ్చట్కా అంతటా ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. కొండల్లో దాక్కుంటే అది వదిలేది కాదు.

ఎనిమిదో రోజు: పడవ బోర్లించే ముందు

శరదృతువులో వెనక్కి దాటాలంటే గాలి ఒక రోజు పూర్తిగా పడిపోవాలి. అప్పటికి ఊళ్లో సీలుల వేట చివరికొస్తుంది, ఏడాది పొడవునా తిన్న సీలులకు వీడ్కోలు చెప్పే పండుగ దగ్గరపడుతుంది. కరాగా, తిమ్లాత్ నిమిలాన్‌లు దాన్ని హొలొలో అంటారు, ఇప్పటికీ జరుపుతారు. సెడ్జ్ గడ్డి, పొయ్యిలోకి తొల్కుషా, డోలు, రాత్రంతా ఆట. చంపిన జంతువు మనసు నొచ్చుకోకుండా సముద్రానికి తిరిగి వెళ్లి, తనవాళ్లతో ఇక్కడ మర్యాదగా చూశారని చెప్పాలన్నది దాని వెనక నమ్మకం. పెన్‌జినా వైపు తిమింగలానికి ఇదే మర్యాద చేయడం యోహెల్సన్ వివరంగా రాశాడు: ఒడ్డుకు చేరిన తిమింగలాన్ని అతిథిలా ఎదుర్కొని, తిండి మూటతో సాగనంపడం.

కుక్కల పనీ అప్పుడే. ఎండాకాలమంతా వదిలేసిన కుక్కలు వాగుల వెంట చేపలు తిని బలుస్తాయి. అక్టోబరులో పిలిచి, గుంజలకు కట్టి, తిండి తగ్గించి ఒళ్లు తగ్గిస్తారు. కొవ్వు పట్టిన కుక్క బండి లాగితే పది మైళ్లకే రొప్పుతుంది. కట్టేసిన మొదటి వారం రాత్రీ పగలూ ఊరంతా వాటి ఊళలే.

చివరి దాటు అయ్యాక పడవను కడిగి, కొవ్వు రాసి, గుంజల మీద బోర్లిస్తారు. జలసంధిలోకి మంచు పలకలు దిగుతాయి. నడవడానికి నమ్మకం లేని మంచు, పడవను సాగనివ్వని మంచు. మళ్లీ నీళ్లు తెరుచుకునేదాకా ఈ ఒడ్డుకు ద్వీపం కబురు ఉండదు.